నీళ్ళు తాగని గుడ్డ

మూడోసారి కూడా బానెట్ మీద కళ్ళు తెరుచుకున్నాయి.

పెయింటరు రంగు చిమ్మే గన్ను కొక్కేనికి తగిలించి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, వంగి చూశాడు. తడి రంగు అద్దంలా పరుచుకోవలసిన చోట చిన్న చిన్న గుంటలు. ఒక్కొక్కటి ఆవగింజంత. గుంట చుట్టూ రంగు గట్టు కట్టి, నడుమ కింది పూత బోసిగా కనిపిస్తోంది. ఆ పనిలో ఉన్నవాళ్ళు వాటిని చేపకళ్ళు అంటారు. మొదట రెండు, తర్వాత ఏడు, చూస్తూ ఉండగానే లెక్కకు అందనన్ని. చచ్చిన చేపలన్నీ వరసగా పడుకుని అతన్నే చూస్తున్నట్టు ఉంది.

ప్లాస్టిక్ తెర బయట నిలబడ్డ అతని భార్యకు లోపలి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రంగు కుదిరిన రోజున అతను గన్ను కడుగుతూ ముక్కుతో కూనిరాగం తీస్తాడు. ఇవాళ గన్ను కడిగే చప్పుడే లేదు.

"ఏమైంది?" అంది.

"కళ్ళు."

"మళ్ళీనా?"

"మళ్ళీ."

తెర తోసుకుని బయటికి వచ్చి, కాలు కాలిన పిల్లిలా షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు తిరిగాడు. తర్వాత బోర్లించిన రంగుడబ్బా మీద కూర్చుని, కుడిచేతిని ముందుకు చాపి, వేళ్ళు విప్పి, దాన్ని ఎవరో అమ్మకానికి తెచ్చిన వస్తువులా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"వణుకుతోందా?" అన్నాడు.

"లేదు."

"సరిగ్గా చూడు."

ఆమె వంగి చూసింది. వణకడం లేదు. "లేదండీ," అంది. అతను నమ్మలేదు.

ఆమెను వీధి వీధంతా అక్క అనే అంటారు. ఆమె తమ్ముడు రోజుకు వందసార్లు పిలిచే పిలుపు అది, విని విని అందరి నోటా అదే నిలిచింది. వెనక రెండు గదుల ఇల్లు, ముందు రేకుల షెడ్డు. షెడ్డులో లోపలి సగం పెయింటరుది. నాలుగువైపులా ప్లాస్టిక్ తెరలు, లోపల రెండు ట్యూబులైట్లు. ఇరవై రెండేళ్ళుగా అతను అక్కడే కార్లకు రంగు వేస్తున్నాడు. తెరలు మూసి ఉన్నంతసేపూ ఎవ్వరూ లోపలికి అడుగు పెట్టకూడదు. తెర కదిలితే దుమ్ము లేస్తుంది, దుమ్ము లేస్తే రంగు చెడుతుంది. ఇన్నేళ్ళలో అక్క ఒక్కసారి కూడా మూసిన తెర తీయలేదు.

బయటి సగం రెండు నెలల నుంచి తమ్ముడిది. అంతకు ముందు అతను మూడు పనులు పట్టి మూడూ వదిలాడు. ఇప్పుడు కార్లు కడిగి, ఆరబెట్టి, నీడలో నిలబెట్టి, వాటి మీద ఏదో మందు కొడతాడు. సీసా నొక్కితే పొగమంచులా పడుతుంది. ఒక గుడ్డతో పరిచి, ఇంకో గుడ్డతో తుడిస్తే బండి రంగు కంటికి కొత్తదవుతుంది. ఆపైన నీళ్ళు చల్లితే తామరాకు మీద పడ్డట్టే, గుండ్రటి బొట్లై జారిపోతాయి. రంగుకు ఎండా, దుమ్మూ, పిట్టల రెట్టా అంటవట. అతని బావ, అంటే పెయింటరు, మొదటిరోజే అతనికి తళుకు అని పేరు పెట్టాడు.

"చూడు బావా, నీళ్ళు ఒక్క క్షణం నిలవవు," అన్నాడు తళుకు ఆరోజు గర్వంగా.

"నిలవకుండా పారిపోయే గుణం సీసాలో ఉందా, పట్టుకున్న చేతిలో ఉందా?" అన్నాడు పెయింటరు.

తళుకే అందరికంటే ముందు నవ్వాడు. కానీ ఈసారి నిలిచాడు. రోజుకు రెండు మూడు బళ్ళు వస్తున్నాయి. అక్క ఆ మాట పైకి అనలేదు, దిష్టి తగులుతుందని.

ఇప్పుడు గొడవ తెచ్చినది డ్రైవింగు మేడం కారు. ఊళ్ళో సగం మందికి బండి నడపడం నేర్పింది ఆవిడే, ఆ సగం మందీ ఆవిడ కారునే ఎక్కడో ఒకచోట గుద్దినవాళ్ళు. ఈసారి బానెట్ వంతు.

"గోడ కదల్లేదు కాబట్టి తప్పంతా మావాడిదే పెయింటరు గారూ," అంది ఆవిడ కారు అప్పగిస్తూ. "అయిదు రోజుల్లో ఇవ్వాలి మరి. ఆరో రోజున నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఆరుగురికి లైసెన్సు పరీక్ష. ఆ బండి క్లచ్ వాళ్ళ కాళ్ళకు తప్ప ఎవరికీ లొంగదు, వాళ్ళ కాళ్ళు ఆ క్లచ్‌కు తప్ప దేనికీ లొంగవు."

సొట్ట తీయడం ఒక్కరోజులో అయిపోయింది. రంగు దగ్గరే ఆగింది.

మొదటిసారి కళ్ళు పడ్డప్పుడు పెయింటరు నేరుగా తళుకు మీదికి వెళ్ళాడు. "నీ సీసా తుంపర గాలిలో తేలి వచ్చి నా రంగు మీద కూర్చుంటోందిరా. ఆ మందు అంటిన చోట రంగు పట్టదు, అది చూసి భయపడ్డట్టు పక్కకు తప్పుకుంటుంది. ఇవే ఆ గుంటలు." తళుకు బకెట్లు, స్టూలు, సీసాలు మోసుకుని సందు చివరి గోడ దగ్గరికి పోయాడు. అక్క అడకత్తెరలో పోకచెక్కలా నడుమ నిలబడింది. మర్నాడు షెడ్డు చుట్టుపక్కల ఎక్కడా ఒక్క చుక్క మందు ఎగరలేదు. అయినా కళ్ళు పడ్డాయి.

"వాడిది కాదు," అన్నాడు పెయింటరు. వాడిదైతే బాగుండేదన్నట్టు అన్నాడు.

తర్వాత గన్నుకు గాలి అందించే కంప్రెసర్ మీద పడ్డాడు. దాని కడుపులోని నీళ్ళన్నీ వదిలాడు, గాలి వడపోసే గుడ్డ మార్చాడు, గొట్టం మార్చాడు. బానెట్‌ను ముందురోజు కంటే రెట్టింపు తుడిచాడు. మూలలు, అంచులు, మడతలు, ఒక గుడ్డ పక్కన పెట్టి ఇంకో గుడ్డ తీసి, మళ్ళీ మళ్ళీ. అదే ఈ మూడోసారి. తుడిచిన కొద్దీ కళ్ళు పెరిగాయి తప్ప తగ్గలేదు. పోయిన వారం ఎవరిదో తలుపు మీద ఇలాగే నాలుగు పడితే పాలిష్‌తో సరిపెట్టిన సంగతి కూడా ఇప్పుడు గుర్తొచ్చి కూర్చుంది.

"అన్నీ మార్చాను," అన్నాడు డబ్బా మీద కూర్చునే. "మారనిది ఈ చెయ్యొక్కటే."

సందు చివరి నుంచి తళుకు వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. అడగాలా వద్దా అని నీళ్ళు నములుతున్నాడు.

"రారా తళుకూ, నీకే చెప్తున్నా," అన్నాడు పెయింటరు. "రేపు ఇంకొక్కసారి కొడతాను. అదీ కుదరకపోతే బానెట్ అవతలి వీధి రంగుల షెడ్డు వాళ్ళకు పంపించేస్తా. ఆ తెరలు పీకేసి లోపలి సగం కూడా నువ్వే తీసుకో."

"నాకెందుకు బావా అంత చోటు? నా సీసా జానెడు."

"కార్లు పెరుగుతాయిగా."

"పెరిగితే వీధిలో నిలబెడతా. నువ్వు రంగు వెయ్యకపోతే నేను దేనికి తళుకు పెట్టేది? నీ మొహానికా?"

వేరే రోజైతే దీనికి రెండింతల జవాబు వచ్చేది. పెయింటరు లేచి, నీళ్ళలో తడిపిన గరుకు కాగితం తీసుకుని, చెడిన రంగు గీకడానికి లోపలికి పోయాడు. గర్ర్, గర్ర్ మని చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు అక్క పళ్ళ మీద గీకినట్టు ఉంది.

ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. నిలబడబుద్ధి కాలేదు. తుడిచిన గట్టే మళ్ళీ తుడిచింది. కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది. రంగు వేయడం తనకు రాదు. గన్ను పట్టుకోవడం రాదు. తనకు వచ్చింది, ఈ ఇరవై రెండేళ్ళూ ఆ పనిలో తన వంతుగా చేసింది ఒక్కటే. గుడ్డలు ఉతకడం. రంగు వేసే ముందు బండిని తుడిచే నూలుగుడ్డలు ఆమె ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టి ఇస్తేనే అతను ముట్టుకుంటాడు.

అదైనా ఇంకా బాగా చేద్దామని పొయ్యి మీద పెద్దగిన్నె పెట్టి నీళ్ళు మరగబెట్టింది. పెరట్లో నీలం టబ్బు నింపింది. సబ్బు రెట్టింపు వేసింది. అతని గుడ్డలన్నీ అందులో పడేసింది. ఆపైన తళుకు గుడ్డలు కూడా. రెండు వారాలుగా అవీ ఆమే ఉతుకుతోంది. అంతకు ముందు వాడే బకెట్లో ఒక ముంచు ముంచి పిండేవాడు. అట్టల్లా ఆరిన వాటిని చూడలేక, "నీ ఉతుకుడు తగలెయ్య, ఇలా పడెయ్" అని లాక్కుంది. ఇంత వేడినీళ్ళు కాచి ఒకళ్ళవి ఉతికి ఇంకొకళ్ళవి వదిలేయడమేమిటి అనుకుంది. ఎండ పోయేలోగా తీగంతా గుడ్డలతో నిండింది. తెల్లవి మొగుడివి, పసుపువి తమ్ముడివి. గాలికి ఒకదాన్నొకటి తాకుతూ ఊగాయి. వాటిని చూస్తే ఆమె మనసు కాస్త కుదుటపడింది.

తెల్లారేసరికి గర్ర్, గర్ర్ మళ్ళీ మొదలైంది. ఎనిమిదింటికి గీకడం పూర్తయింది. అక్క పన్నెండు గుడ్డలు మడతపెట్టి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

అతను పై గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "అన్నీ నన్ను మోసం చేశాయి," అన్నాడు. "నీ గుడ్డలొక్కటే చెయ్యలేదు." తెర మూసుకున్నాడు.

టీ పెడదామని ఆమె వంటింట్లోకి వచ్చింది. కాలు ఒకచోట నిలవని మనిషికి చెయ్యి ఎక్కడ నిలుస్తుంది. గిన్నె అంచు తగిలి చెంబెడు నీళ్ళు గట్టు మీద ఒలికాయి. మడతపెట్టగా మిగిలిన పదమూడో గుడ్డ భుజాన ఉంది. తీసి గట్టు మీద వేసింది.

నీళ్ళు గుడ్డలోకి ఇంకలేదు. గుడ్డకు ముందు పరుగెత్తాయి. అటు తోస్తే అటు, ఇటు తోస్తే ఇటు. అంచు దాటి కిందపడి ఆమె పాదాలు తడిపాయి. గుడ్డ మాత్రం పొడిగా ఉంది.

ఆమె దాన్ని కిటికీ వెలుతురులోకి పట్టుకుంది. వేలు చెంబులో ముంచి ఒక బొట్టు వేసింది. బొట్టు గుండ్రంగా నిలబడింది. గుడ్డను కొంచెం వంచితే దొర్లుకుంటూ పోయి జారిపడింది.

సరిగ్గా అప్పుడే బయటి నుంచి తమ్ముడి గొంతు వినపడింది. ఎవరికో బండి అప్పగిస్తున్నాడు. "చూడండి సార్, నీళ్ళు పోస్తున్నా. నిలుస్తున్నాయా? నిలవవు. ఒక్కసారి అంటితే సబ్బుతో కడిగినా వదలదు సార్ ఇది."

అక్క గట్టు పట్టుకుని నిలబడింది.

సబ్బుతో కడిగినా వదలదు. పసుపు గుడ్డలకు అంటగా మిగిలిన మందంతా టబ్బులోకి దిగి తెల్ల గుడ్డలకు పట్టింది. ఆ తెల్ల గుడ్డలతో ఆయన బానెట్ తుడుస్తున్నాడు. ఎంత శ్రద్ధగా తుడిస్తే అంత మందు పూస్తున్నాడు. నిన్న రెట్టింపు సబ్బు వేసి, మరగబెట్టి, ప్రతి పోగులోకీ ఎక్కించి, మడతలు పెట్టి చేతికిచ్చింది తానే.

ఇంకా నమ్మలేక బీరువాలోంచి పాత దిండు గలీబు తీసింది. ఇంటి బట్టలు ఆ నీలం టబ్బులో ఎప్పుడూ పడవు. దాని మీద బొట్టు వేసింది. వేలు తీసేలోగా తాగేసింది.

షెడ్డులో కంప్రెసర్ మోత మొదలైంది. గాలి నిండేదాకా అది మోగుతుంది. నిండగానే ఆగుతుంది. ఆగిందంటే అతను గన్ను పట్టుకున్నట్టే.

ఆమెకు ఒక ఆలోచన చురుగ్గా వచ్చింది. ఈసారికి కళ్ళు పడితే పడనీ. ఇంకొక్కసారి వెయ్యమని బతిమాలి, అప్పటికి ఈ గలీబు ముక్కలు చింపి, ఏమీ ఎరగనట్టు చేతికిస్తే సరి. రంగు కుదురుతుంది. తన తప్పు టబ్బులోనే మునిగిపోతుంది. తమ్ముడి మాట కూడా రాదు. వాడి గుడ్డలే కారణమని తెలిస్తే, ఇన్నాళ్ళకు కుదురుకున్న ఆ ఒక్క పనికీ చోటు పోతే?

కానీ ఈసారి పడితే ఇంకోసారి వెయ్యడు. ఆ మాట నిన్ననే అనేశాడు. ఒకవేళ వేసినా, కుదిరినా, ఎందుకు కుదిరిందో తెలియదు. మళ్ళీ ఎప్పుడు చెడుతుందోనని ప్రతి బండి ముందూ చెయ్యి చాపి చూసుకుంటాడు. వణుకుతోందా అని అడుగుతాడు. లేదంటే నమ్మడు.

మోత సన్నబడుతోంది. ఆమె ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో గలీబు పట్టుకుని షెడ్డులోకి దాదాపు పరుగున వచ్చింది. గుమ్మంలో ఉన్న తళుకు చూసి, "అక్కా, ఏంటి," అంటూ ఉండగానే ప్లాస్టిక్ తెర పట్టుకుని పక్కకు లాగింది.

కంప్రెసర్ ఆగింది.

గన్ను ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. మాస్కు పైన అతని కళ్ళు ఇంతింతయ్యాయి. "తెర మూయి," అన్నాడు. "మతి పోయిందా? దుమ్ము."

"వెయ్యకండి."

"ముందు తెర మూయి."

మూసింది, తాను లోపల ఉండి. బల్ల మీద అతను తుడిచి పెట్టిన గుడ్డ తీసి, పరిచి పట్టుకుని, దాని మీద చెంబు వంచింది. నీళ్ళు బొట్లు బొట్లుగా విరిగి, దొర్లి, గచ్చు మీదికి జారిపోయాయి. తర్వాత గలీబు మీద వంచింది. ఒక్క చుక్క కింద పడలేదు.

అతను ఒకసారి గుడ్డను, ఒకసారి బానెట్‌ను, ఒకసారి ఆమెను చూశాడు. గన్ను మెల్లగా కొక్కేనికి తగిలించాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు వారాలు. మీవీ వాడివీ ఒకే టబ్బులో." గలీబు గుప్పిట్లో నలిపింది. "వాణ్ణి ఏమీ అనకండి. నేనే లాక్కున్నాను వాడి దగ్గర్నుంచి. నిన్న కూడా నేనే. వేడినీళ్ళలో."

అతను ఆమె చేతిలోని తెల్లగుడ్డ తీసుకుని వేళ్ళతో నలిపి చూశాడు.

"మూడు రోజులు," అన్నాడు. "మూడు రోజులు నా చెయ్యి చచ్చిపోయిందనుకున్నానే."

"చెయ్యి కాదు. గుడ్డ."

"ఇరవై రెండేళ్ళలో నేను అనుమానించనిది అదొక్కటి."

ఆమె తల దించుకుంది. తిట్టినా బాగుండుననిపించింది. అతను మాస్కు తీసి, మొహం తుడుచుకోబోయి, చేతిలో ఉన్నది అదే తెల్లగుడ్డ అని చూసి, పాముపిల్లను విసిరినట్టు మూలకు విసిరాడు. ఆ విసురు చూసి తెర సందులోంచి తళుకు కిసుక్కున నవ్వాడు.

"రారా లోపలికి," అన్నాడు పెయింటరు. "ఎలాగూ ఇవాళ ఇది సత్రం అయిపోయింది. నీ సీసా మీద ఏం రాసుందో చదివావా?"

"చదివాను బావా. మెరుపు ఆరు నెలలు గ్యారంటీ."

"అది ముందువైపు. వెనకవైపు?"

తళుకు బయటికి పరుగెత్తాడు. సీసా తెచ్చి, వెనక్కు తిప్పి, చీమతలకాయల్లాంటి అక్షరాలకు దగ్గరగా కళ్ళు పెట్టి చదివాడు. రంగు వేసే చోట వాడరాదు. వాడిన గుడ్డలను విడిగా ఉతకవలెను.

"ఇంత చిన్నగా రాస్తే ఎవడు చదువుతాడు," అని గొణిగాడు.

"నీకు తెలియనిదల్లా వాళ్ళు చిన్నగానే రాస్తారు," అన్నాడు బావ. ఆ మాటకు అక్కకు ప్రాణం కాస్త లేచి వచ్చింది. పాత మనిషి గొంతు అది.

తర్వాత మధ్యాహ్నం దాకా ఎవరూ ఊరికే లేరు. తెల్లగుడ్డలన్నీ చెత్తలోకి పోయాయి. అక్క గలీబులు నాలుగు చింపింది. పెయింటరు జిడ్డు తీసే మందుతో బానెట్ తుడిచాడు, గీకాడు, మళ్ళీ తుడిచాడు, ఒకసారి వాడిన ముక్క రెండోసారి ముట్టుకోకుండా. తళుకు మోచేతుల దాకా సబ్బుతో మూడుసార్లు కడుక్కుని, అయినా అనుమానం తీరక చేతులు రెండూ వెనక్కు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

తెర మూసుకుంది. కంప్రెసర్ మోగింది. ఆగింది.

గన్ను బుస్సుమనే చప్పుడు అటు వెళ్ళి ఇటు వస్తోంది. బయట అక్కా తమ్ముడూ బెంచీకి చెరో చివర. ఆమె ఒకసారి లేచింది, కూర్చుంది, లేచింది.

"కూర్చో అక్కా, బెంచీ ఊగుతోంది."

"ఊగుతున్నది నీ కాలురా."

నిజంగానే వాడి మోకాలు ఆడుతోంది. చేత్తో నొక్కి పట్టుకున్నాడు. చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది, రెండో పూత. మళ్ళీ ఆగింది. ఆపైన ఏమీ లేదు. గోడ గడియారం లోపలి గదిలోంచి వినపడేంత నిశ్శబ్దం. కళ్ళు పడితే ఇప్పుడే పడాలి, పూత తడిగా ఉన్న ఈ నాలుగైదు నిమిషాల్లోనే. ఆమె గోడకు కొట్టిన మేకులు లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ లెక్కపెడితే పన్నెండు వచ్చాయి.

లోపల నీళ్ళ కొళాయి తిప్పిన చప్పుడైంది. గన్ను కడుగుతున్నాడు. కడుగుతూ కడుగుతూ ముక్కుతో, సన్నగా, శ్రుతి లేకుండా, ఏదో తీయడం మొదలుపెట్టాడు.

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. తళుకు అటు తిరిగి బకెట్లు సర్దడం మొదలుపెట్టాడు, సర్దిన బకెట్లనే.

మర్నాడు పొద్దున డ్రైవింగు మేడం వచ్చి బానెట్ మీదికి వంగితే అందులో ఆవిడ మొహం, పైన ట్యూబులైటు గీత, ఎక్కడా వంకర లేకుండా కనిపించాయి. "ఇంత నున్నగా చేస్తే మావాళ్ళకు గుద్దడానికి మనసొప్పదండీ," అంది.

"మేడం, దీని మీద మన మందు కొడితే," అని తళుకు సీసా వైపు చెయ్యి చాపాడు.

"నెల దాకా దాని మూత తీశావంటే ఊరుకోను," అన్నాడు పెయింటరు. "కొత్త రంగుకు ఊపిరాడాలి. నెల తర్వాత పంపిస్తాను, సందు చివర నీ గోడ దగ్గరికి. అక్కడే ఉండు. మంచి చోటు. నీడ కూడా ఉంది." అప్పుడు అక్కకు అర్థమైంది, తమ్ముడి చోటు పోలేదని.

ఆ మధ్యాహ్నం పెయింటరు బజారు నుంచి కొత్త తెల్లగుడ్డల కట్టతో పాటు ఎర్ర టబ్బు ఒకటి తెచ్చి పెరట్లో బోర్లించాడు. ఆమె కొత్త గుడ్డలు అందులో ఉతికింది, విడిగా తీగ మీద, విడిగా క్లిప్పులతో ఆరేసింది.

ఆరాక మడతలు పెట్టబోతూ చెంబు తెచ్చుకుంది. ఒక్కొక్క గుడ్డ మీదా ఒక్కొక్క బొట్టు వేసి, అది ఇంకేదాకా చూసి, పక్కన పెడుతోంది.

"ఇవాళే విప్పిన కొత్తవే అవి," అన్నాడు అతను గుమ్మంలోంచి. "ఇంకా అనుమానమేనా?"

"అనుమానం కాదు," అంది, తర్వాతి గుడ్డ మీద వేలు పెడుతూ. "చూస్తే గానీ చెయ్యి ఆడటం లేదు."

అతను వచ్చి పక్కన కూర్చుని, చెంబులో వేలు ముంచి, తన వైపు గుడ్డ మీద ఒక బొట్టు వేశాడు. ఇద్దరూ వంగి చూశారు.